ఒకదాని తర్వాత ఒకటి

సూరత్ నుంచి భరూచ్ వైపు రైల్లో వెళ్తుంటే సాయణ్ దాటాక కిమ్ వస్తుంది. ఓల్పాడ్ తాలూకాలో చిన్న పట్టణం. దగ్గర్లో అదే పేరుతో ఒక నది, చుట్టూ చెరకు తోటలు, జాతీయ రహదారి వైపు వెళ్తే పిపోదరా దాకా బట్టల కార్ఖానాలు. ఈ జిల్లా బట్టల పరిశ్రమలో తెలుగువాళ్ళ చెమట చాలా ఉంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు భీవండీ, షోలాపూర్‌లకు వెళ్ళినట్టే సూరత్‌కూ తరాల కిందటే బతుకుదెరువు వెతుక్కుంటూ వచ్చారు. సూరత్ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే, ఇక్కడ మనవాళ్ళు ఎంతమంది స్థిరపడ్డారో ఊహించుకోవచ్చు.

అలాంటి ఒక జంటను మనసులో పెట్టుకుని ఈ అధ్యాయం చదవండి. ఆయన కిమ్ దగ్గర ఒక కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే జాబర్. ఆమె ఇంట్లోనే చీరలకు లేసు కుడుతుంది. మాఘమాసంలో పదో పెళ్ళిరోజు. పిల్లలిద్దర్నీ పక్కింట్లో అప్పజెప్పి, ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న డబ్బుతో సూరత్‌లోని ఒక పెద్ద హోటల్‌కు బయల్దేరారు. అక్కడ ఏడు వంటకాలు వరసగా, ఒక్కొక్కటే తెచ్చి పెడతారు. అన్నీ శాకాహారమే.

మొదటి పళ్ళెం రాగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అంత పెద్ద పళ్ళెంలో ఉన్నది రెండు ముద్దలు. ఇంత డబ్బు పోస్తే ఇంతేనా అనిపించడం సహజం. కానీ రెండు గంటల తర్వాత లేచేటప్పుడు వాళ్ళకు కడుపు నిండి ఉంటుంది, ఒంట్లో బరువు ఉండదు. తిన్నవాటిలో మూడో నాలుగో ఏళ్ళ తరబడి గుర్తుంటాయి. ఇలాంటి విందు డబ్బున్నవాళ్ళ ఆడంబరమని చాలామంది కొట్టిపారేస్తారు. ఖరీదు విషయంలో వాళ్ళ మాట నిజమే. వడ్డన వరస, ఆ వరస మధ్య విరామం మాత్రం మన ఒంటికి, మెదడుకి బాగా తెలిసిన సంగతులు. వాటి వెనక యాభై ఏళ్ళ పరిశోధన ఉంది. అంతకంటే పాతదైన మన బంతి భోజనమూ ఉంది.

ఆకలి రుచెరుగదు అని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఇదే విషయాన్ని 1971లో మిషెల్ కబనాక్ అనే ఫ్రెంచ్ శరీరధర్మ శాస్త్రవేత్త ప్రయోగశాలలో కొలిచి చూపించాడు. పరగడుపున ఉన్నవాళ్ళకు చక్కెర నీళ్ళిచ్చి ఎంత బాగుందో చెప్పమన్నాడు. రుచి చూసి ఉమ్మేస్తూ పోయినవాళ్ళకు ఆ తీపి ఎన్నిసార్లయినా బాగానే ఉంది. మింగుతూ పోయినవాళ్ళకు కాసేపటికి అదే నీళ్ళు వెగటనిపించాయి. నీళ్ళలో చక్కెర ఎంతుందో అంతే ఉంది. నాలుకకు అందిన తీపీ అంతే. మారింది లోపలి అవసరం. ఒంటికి ఎంత కావాలో దాన్నిబట్టి మెదడు రుచికి వెల కడుతుందని కబనాక్ చెప్పాడు.

ఇంతవరకే అయితే ఏడు వంటకాల విందు కుదరదు. రెండో పళ్ళేనికి ఆకలి సగం తీరుతుంది, నాలుగో పళ్ళేనికి తిండి మీద ఇష్టమే పోవాలి. అలా ఎందుకు జరగదు?

1981లో ఇంగ్లండ్‌లో బార్బరా రోల్స్, ఎడ్మండ్ రోల్స్, వాళ్ళ సహచరులు దీనికి జవాబు వెతికారు. కొంతమందికి రకరకాల పదార్థాలు కొంచెం కొంచెం రుచి చూపించి మార్కులు వేయమన్నారు. తర్వాత వాటిలో ఒక్కదాన్నే చాలనిపించేదాకా తినిపించి, మళ్ళీ అన్నింటికీ మార్కులు అడిగారు. కడుపారా తిన్న పదార్థం మార్కులు బాగా పడిపోయాయి. తిననివాటి మార్కులు పెద్దగా మారలేదు. అంటే వాళ్ళకు మొహం మొత్తింది తిండి మీద కాదు, ఆ ఒక్క రుచి మీద. పైగా ఇది చాలా త్వరగా జరుగుతుంది. తినడం ఆపిన రెండు నిమిషాలకే కనిపిస్తుంది. అప్పటికి తిన్నది అరగనే లేదు, రక్తంలోకి చేరిందీ అంతంతమాత్రమే. కాబట్టి ఇది ముందుగా మెదడు చేస్తున్న పని.

మెదడులో ఎక్కడ జరుగుతుందో కూడా తెలిసింది. 1980లలో ఎడ్మండ్ రోల్స్ బృందం కోతుల మెదడులో, కళ్ళ గుంటలకు సరిగ్గా పైన ఉండే భాగంలో, నాడీకణాల స్పందనను నమోదు చేసింది. గ్లూకోజు ద్రావణం రుచి తగలగానే స్పందించే కణం ఒకటి ఉందనుకోండి. కోతికి ఆ ద్రావణం ఇక వద్దనేదాకా తాగించారు. తాగేకొద్దీ ఆ కణం స్పందన తగ్గుతూ వచ్చి చివరికి ఆగిపోయింది. అప్పుడు వేరే రుచి తగిలిస్తే మెదడులోని అదే భాగం ఎప్పటిలాగే మేలుకుంది.

రోల్స్ బృందం మనుషులకు భోజనం కూడా పెట్టి చూసింది. 1984 నాటి ఆ ప్రయోగంలో కొందరికి నాలుగు విడతలూ ఒకటే పదార్థం వడ్డించారు. మరికొందరికి విడతకొకటి చొప్పున సాసేజీలు, వెన్న రాసిన రొట్టె, చాక్లెట్ తీపి, అరటిపండు ఇచ్చారు. రకాలు మారినవాళ్ళు సుమారు 60 శాతం ఎక్కువ తిన్నారు. ఈ లెక్క గుర్తుంచుకోవాలి, ఎందుకంటే దీని మంచీ చెడూ రెండూ మన పెళ్ళి విందుల్లో కనిపిస్తాయి. బఫే బల్ల మీద ముప్పై నలభై రకాలు పరిచి, ఎంత కావాలంటే అంత వేసుకోమంటే, మెదడు ఒక్కో రుచికి విడివిడిగా చాలు అంటుందే తప్ప మొత్తానికి చాలు అనదు. చూసి వేసుకునే నిగ్రహం అందరికీ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. వడ్డించే చేతికి అది ఉంటే చాలు. ఏడు వంటకాల విందులో రకాలకు కొదవలేదు, కానీ ఒక్కో రకం మూడు నాలుగు ముద్దలే. ఆ రుచి మొహం మొత్తక ముందే పళ్ళెం వెళ్ళిపోతుంది.

మన జంటకు ఇది కొత్త అనిపించవచ్చు గానీ నిజానికి పాత అలవాటే. తెలుగు భోజనం పుట్టుకతోనే వరస భోజనం. మొదట పొడి, నెయ్యి. తర్వాత పప్పు, ఆపైన కూర, పచ్చడి, పులుసో చారో, చివరికి పెరుగు. సాంచా మీద పడుగు మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఉంటుంది, పేకలో నూలు రంగు మారినప్పుడల్లా బట్ట మీద కొత్త చార పడుతుంది. మన అన్నం ఆ పడుగు లాంటిది. అన్నం మారదు, దానిలో కలిసేది మారుతుంది, విస్తరి ముందు కూర్చున్నవాడి ఆకలి ప్రతి కలుపుకూ ఒకసారి కొత్తగా లేస్తుంది. కమ్మదనం, కారం, పులుపు, ఘాటు, చల్లదనం ఒక్కొక్కటి ఒక్కో విడతలో వస్తాయి.

గుజరాతీల పద్ధతి వేరు. వాళ్ళ థాళీలో పప్పు, కూరలు, ఫర్సాణ్, తీపి, మజ్జిగ అన్నీ ఒకేసారి వచ్చి కూర్చుంటాయి. తీపిని భోజనం మధ్యలోనే, కారంతో మార్చి మార్చి తింటారు. సూరత్‌లో తిండి, కాశీలో చావు దొరకాలని ఇక్కడివాళ్ళు గొప్పగా చెప్పుకునే సామెత ఊరికే పుట్టలేదు. రుచులను మారుస్తూ ఆకలిని నిలబెట్టడంలో థాళీ మన విస్తరికి తీసిపోదు. థాళీలో ఏ ముద్ద తర్వాత ఏ ముద్దో తినేవాడు తేల్చుకుంటాడు. వరస వడ్డనలో ఆ నిర్ణయం వంటింటిది.

యూరప్‌లోనూ ఒకప్పుడు థాళీ లాంటి పద్ధతే ఉండేది. ఫ్రెంచ్ ప్రభువుల విందుల్లో పదుల కొద్దీ వంటకాలు ఒకేసారి బల్ల మీద పరిచేవారు. చూడటానికి ఘనంగా ఉండేది గానీ తినే వేళకు సగం చల్లారిపోయేవి. పారిస్‌లో రష్యా రాయబారిగా ఉన్న అలెగ్జాండర్ కురాకిన్ 1810 ప్రాంతంలో తన ఇంటి విందుల్లో ఒక్కొక్క వంటకమే వేడివేడిగా వడ్డించే రష్యన్ పద్ధతిని అక్కడికి తెచ్చాడని చెబుతారు. ఆ శతాబ్దం రెండో సగానికి పెద్ద వంటవాళ్ళు దాన్ని స్థిరపరిచారు. ఇవాళ సూరత్ హోటల్‌లో కనిపిస్తున్నది ఆ పద్ధతి వారసత్వమే. వరస గురించి మన దేశంలో అంతకంటే చాలా ముందే ఆలోచించారు. భోజనంలో ముందు తీపి, మధ్యలో పులుపు, ఉప్పు, ఆ తర్వాత మిగిలిన రుచులు అని సుశ్రుత సంహిత చెబుతుంది. తీపి ముందా వెనకా అన్న విషయంలో ఇవాళ్టి వైద్య పరిశోధన వేరే మాట అంటుంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఆ హోటల్‌లో అడుగుపెట్టగానే ఆయనకు ముందుగా తెలిసింది నిశ్శబ్దం. సాంచాల షెడ్డులో రొద 90 డెసిబెళ్ళు దాటడం మామూలే. పక్కన ఉన్నవాడితో మాట్లాడాలన్నా చెవి దగ్గర అరవాలి. భోజనం డబ్బా కూడా చాలాసార్లు ఆ చప్పుడులోనే తెరుస్తారు. రొద రుచిని మారుస్తుంది. 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో కింబర్లీ యాన్, రాబిన్ డాండో మనుషులకు విమానం లోపలి రొద వంటి శబ్దాన్ని, 85 డెసిబెళ్ళ దగ్గర, వినిపిస్తూ రుచులు చూపించారు. ఆ రొదలో తీపి తగ్గినట్టు అనిపించింది. ఉమామీ మాత్రం పెరిగింది. ఉమామీ అంటే టమాటాలో, పుట్టగొడుగులో, ఉడికించిన మాంసంలో ఉండే కమ్మదనం. 1908లో జపాన్‌లో కికునే ఇకెదా సముద్రపు నాచు చారు నుంచి దాని మూలమైన గ్లూటమేట్‌ను వేరుచేశాడు. నాలుక నుంచి వచ్చే రుచినాడి ఒకటి మధ్యచెవి గుండా వెళ్తుంది కాబట్టి శబ్దానికీ రుచికీ అక్కడ సంబంధం ఉండవచ్చని ఆ పరిశోధకుల ఊహ. ఏమైనా, మెత్తని కుర్చీల కంటే ముందు ఈ హోటల్ అతనికి ఇచ్చినది నిశ్శబ్దమే. తిండికి అది అక్కరకొస్తుంది.

మూడో వంటకంగా చిన్న మట్టి ముంతలో పచ్చని గింజలు వస్తాయి. మీద సన్నటి సేవ్, నిమ్మరసం, మిరియాల పొడి. ఆమె ఒక చెంచా నోట్లో వేసుకుని ఆగిపోతుంది.

"గిది మన ఊచబియ్యమే గద!"

అవును, అవే. సూరత్‌వాళ్ళు పోంక్ అంటారు. చలికాలంలో ఈ ఊళ్ళో పోంక్ దుకాణాలు వెలుస్తాయి. జొన్న కంకి పాలు పోసుకుని గింజ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే కోసి, నిప్పుల మీద కాల్చి, వేడి తగ్గకముందే కర్రతో కొట్టి గింజ రాలుస్తారు. ఆ దశలో గింజలోని చక్కెర ఇంకా పూర్తిగా పిండిపదార్థంగా మారి ఉండదు, అందుకే ఆ లేత తీపి. పది రోజులు ఆలస్యమైతే అదే కంకి రొట్టె పిండికి పనికొస్తుంది గానీ ఇలా తినడానికి పనికిరాదు. కాల్చినప్పుడు చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి కొత్త వాసనలు పుడతాయి. వేయించిన ప్రతిదాంట్లోనూ మనల్ని పట్టి లాగేది ఈ వాసనలే.

ఇక్కడ కాసేపు ఆగాలి. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం వాసన. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామీ. ఇది పోంక్, ఇది వేరుశనగ, ఇది జీలకర్ర అని చెప్పేది ముక్కు. అదీ ముందు నుంచి పీల్చే గాలితో కాదు, నములుతున్నప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎగబాకే గాలితో. నమ్మకం కుదరకపోతే ముక్కు గట్టిగా మూసుకుని నాలుగు జీలకర్ర గింజలు నమలండి. కొంచెం చేదు, అంతే. వేళ్ళు తీసేయగానే జీలకర్ర ఒక్కసారిగా నోరంతా నిండుతుంది. చూపు, వినికిడి సంకేతాలు మెదడులో థాలమస్ అనే కూడలి దాటి వెళ్ళాలి. వాసన సంకేతానికి ఆ మజిలీ లేదు, భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలకు అది నేరుగా చేరుతుంది. సిరిసిల్ల దగ్గర తాతగారి జొన్నచేను, కాలిన కంకి మసి అంటిన పెదవులు ఆమెకు ఆలోచించకుండానే గుర్తుకురావడానికి ఈ దగ్గరి దారే కారణం. ఆమె వాటి గురించి చెప్పడం మొదలుపెడుతుంది. పదేళ్ళలో ఆయన ఆ సంగతి వినడం ఇదే మొదటిసారి కావచ్చు.

నాలుగోది ఉంధియు. కంద, సూరత్ పాపడి చిక్కుడు, మెంతి ఉండలు, పచ్చి వెల్లుల్లి, పచ్చిమిర్చి. తెలంగాణ నాలుకకు సరిపోయేలా కారం కాస్త ఎక్కువే వేయించుకున్నారు. కారం ఒక రుచి కాదు, మంట. మిరపలోని కాప్సైసిన్ నోటిలో వేడిని పసిగట్టే ఒక ద్వారాన్ని తెరుస్తుంది. మామూలుగా అది సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితే తెరుచుకునేది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఆ ద్వారాన్ని నిర్మించే జన్యువును కనుగొంది, 2021లో ఆర్డెం పటపూటియన్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. చల్లటి నీళ్ళు తాగితే మంట పోదు, కాప్సైసిన్ నీటిలో కరగదు కాబట్టి. పక్కనే పెట్టిన చాస్, అంటే వాళ్ళ మజ్జిగ, పనిచేస్తుంది. కొవ్వు వల్లేనని చాలాకాలం అనుకున్నారు. 2019లో అమెరికాలోని పెన్ స్టేట్ పరిశోధకులు పోల్చి చూస్తే వెన్న తీసిన పాలు కూడా వెన్నతో ఉన్న పాలంత బాగా మంటను ఆర్పాయి. పాలలోని మాంసకృత్తులకు ఇందులో పెద్ద పాత్ర ఉందన్నమాట. ఇలాంటి విందుల్లో పశ్చిమ దేశాలవాళ్ళు ప్రతి వంటకానికీ ఒక ద్రాక్షసారా జతచేస్తారు. 1960లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ మద్యనిషేధం ఉన్న గుజరాత్‌లో ఆ పని మజ్జిగ, కోకం షర్బత్, నిమ్మనీళ్ళు చేస్తాయి. కారం తర్వాత నాలుకను తేరుకునేలా చేయడంలో ద్రాక్షసారా మజ్జిగకు సాటిరాదని నేను నిస్సంకోచంగా చెప్పగలను.

పళ్ళెం తీసేశాక పది పదిహేను నిమిషాలు ఏమీ రాదు. కొత్తగా వచ్చినవాళ్ళకు ఇది విసుగు. వడ్డన ఆలస్యమైందేమోనని వంటింటి వైపు చూస్తారు. ఈ విరామంలోనే పొట్టలో పెద్ద పని జరుగుతోంది. పొట్ట గోడలు సాగిన కబురు వేగస్ నాడి ద్వారా త్వరగానే మెదడుకు చేరుతుంది. కానీ కొవ్వూ మాంసకృత్తులూ చిన్నపేగు మొదటి భాగానికి చేరాకే కొలెసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలవుతుంది. అది ఆకలిని తగ్గిస్తుందని 1973లోనే ఎలుకల్లో చూపించారు. పేగు కింది భాగం నుంచి వచ్చే జీఎల్‌పీ-1 కూడా ఈ పనిలో పాలుపంచుకుంటుంది. మధుమేహానికీ ఊబకాయానికీ ఈమధ్య అందరూ మాట్లాడుకుంటున్న సూదిమందులు అనుకరించేది దీన్నే. ఇక పొట్ట నుంచి పుట్టి ఆకలి రేపే ఘ్రెలిన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. భోజనం సాగేకొద్దీ అది తగ్గుతుంది. వీటన్నిటికీ నిమిషాలు పడతాయి. పదినిమిషాల్లో థాళీ ఖాళీ చేసి లేచేవాడికి ఈ కబుర్లన్నీ లేచాక అందుతాయి. రెండు గంటల విందులో అవి తినేటప్పుడే అందుతాయి.

ఇప్పుడు ఇందాకటి ప్రశ్న: తీపి ముందా, అన్నం ముందా, కూర ముందా? 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు మధుమేహం ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు రోజులు రెండు వరసల్లో పెట్టారు. ఒక రోజు రొట్టె, పండ్లరసం ముందు, పావుగంట తర్వాత కోడిమాంసం, కూరగాయలు. ఇంకో రోజు మాంసం, కూరగాయలు ముందు, రొట్టె తర్వాత. తిన్నది అదే, కేలరీలు అవే. రొట్టె వెనక్కి జరిగిన రోజు రక్తంలో గ్లూకోజు అరగంటకు సుమారు 29 శాతం, గంటకు 37 శాతం, రెండు గంటలకు 17 శాతం తక్కువ కనిపించింది. పదకొండు మందితో చేసిన చిన్న ప్రయోగమే ఇది. ముందు వెళ్ళిన పీచూ మాంసకృత్తులూ పొట్ట ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గించి, జీఎల్‌పీ-1ను ముందే మేల్కొలుపుతాయి, అందువల్ల వెనక వచ్చిన పిండిపదార్థం నెమ్మదిగా రక్తంలోకి దిగుతుంది అన్నది వివరణ.

దీన్ని మన విస్తరికి అన్వయిస్తే కొంచెం ఇబ్బందికరమైన సంగతి బయటపడుతుంది. మన వరసలో రుచులు అద్భుతంగా మారతాయి, కానీ అన్నం మొదటి ముద్దలోనే ఉంది, చివరి ముద్ద దాకా ఉంది. తీపి కూడా చాలాచోట్ల ముందే వడ్డిస్తారు. ఎండలో పొలం దున్నేవాడికీ రోజంతా మగ్గం ముందు ఒళ్ళు హూనం చేసుకునేవాడికీ ఆ పద్ధతి సరిపోయింది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు. ఆ వరసను ఒకసారి తిరగేసి చూడాల్సిన కాలం వచ్చింది. ఈ హోటల్ విందులో మొలకలూ సూపూ ఊచబియ్యమూ ఉంధియూ ముందు వచ్చి, చిన్న గిన్నెడు అన్నం, కఢీ ఆరో వంటకంగా రావడం అందంకోసమే అయినా ఒంటికి మేలే. కిమ్‌లో తమ వంటింట్లో కూడా వాళ్ళిది చేయవచ్చు. దానికి ఖర్చేమీ లేదు. కూర, పప్పు కొంత ఉత్తగా తిన్నాక అన్నం పెట్టుకోవడమే.

ఇంతవరకూ ఒక మనిషి నోరు, పొట్ట, మెదడు గురించి మాట్లాడాం. బల్లకు అటూ ఇటూ ఉన్నది ఇద్దరు. 2014లో యేల్ విశ్వవిద్యాలయంలో ఎరికా బూత్‌బీ, మార్గరెట్ క్లార్క్, జాన్ బార్జ్ ఒక చిన్న ప్రయోగం చేశారు. ఒక మనిషికి చాక్లెట్ ఇచ్చారు. పక్కనున్న మనిషి కూడా అదే సమయంలో అదే చాక్లెట్ తింటే ఒక పద్ధతి, పక్కమనిషి బొమ్మల పుస్తకం చూస్తూ ఉంటే ఇంకో పద్ధతి. ఇద్దరూ మాట్లాడుకోలేదు. అయినా కలిసి తిన్నప్పుడు చాక్లెట్ ఎక్కువ బాగుందన్నారు. చేదు చాక్లెట్ ఇస్తే కలిసి తిన్నప్పుడు ఇంకా చేదనిపించింది. ఒకే సమయంలో ఒకే వస్తువు మీద ఇద్దరి ధ్యాస నిలిస్తే అనుభవం చిక్కబడుతుంది. వరస వడ్డన సరిగ్గా ఈ అవకాశమే కల్పిస్తోంది. థాళీ ముందు ఆయన పప్పులో, ఆమె కూరలో ఉండవచ్చు. ఇక్కడ ఇద్దరి ముందూ ఒకేసారి ఒకటే పళ్ళెం.

కొత్తదనం ఇంకో సాయం చేస్తుంది. ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో భార్యాభర్తల చేతినీ కాలినీ జతగా కట్టి, మధ్యలో ఒక దిండు పడిపోకుండా ఒళ్ళతో పట్టుకుని, పరుపుల మీద పాకుతూ అడ్డంకులు దాటమన్నారు. ఏడు నిమిషాల పని. మరికొన్ని జంటలకు మామూలు, నెమ్మదైన పని ఇచ్చారు. కొత్త పని కలిసి చేసిన జంటలు తమ బంధం గురించి ఎక్కువ తృప్తిగా మాట్లాడాయి. పదేళ్ళ కాపురంలో ఒకరి గురించి ఒకరికి తెలియనిది ఏముందనుకుంటాం. ఎప్పుడూ పట్టని చెంచాతో ఎరగని వంటకం తినేటప్పుడు ఎదుటి మనిషి మొహంలో ఏ భావం వస్తుందో తెలియదు, అందుకే చూస్తాం. ఫోను మాత్రం సంచీలో ఉంటేనే మంచిది. 2018లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 300 మందికి పైగా మనుషుల్ని తమవాళ్ళతో హోటల్లో భోజనానికి పంపారు. ఫోను బల్ల మీద పెట్టుకున్న వాళ్ళ ధ్యాస ఎక్కువ చెదిరింది, భోజనంలో ఆనందం కొంత తగ్గింది. తేడా చిన్నదే. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వచ్చే సాయంత్రంలో ఆ చిన్న తేడాను కూడా వదులుకోకూడదు.

భోజనం ఎప్పుడు ఆపాలో చెప్పేది పొట్ట ఒక్కటే అనుకుంటాం. 1998లో పాల్ రోజిన్ బృందం జ్ఞాపకశక్తి పూర్తిగా దెబ్బతిన్న ఇద్దరు రోగులకు భోజనం పెట్టింది. తిని పళ్ళెం తీశాక, కొద్ది నిమిషాలకు మళ్ళీ భోజనం తెస్తే వాళ్ళు మళ్ళీ తిన్నారు. మూడోసారి తెచ్చినా మొదలుపెట్టారు. తిన్నామన్న జ్ఞాపకం లేకపోతే కడుపు చెప్పేది చాలడం లేదు. ఇంకా ఆశ్చర్యం, అలాంటి రోగుల్లో కూడా ఒక రుచి మీద మొహం మొత్తడం మామూలుగానే జరుగుతుందని 2008లో సూజన్ హిగ్స్, ఆమె సహచరులు చూపించారు. నాలుక మీది తృప్తికి జ్ఞాపకం అవసరం లేదు. భోజనం చేశామన్న తృప్తికి అవసరం. టీవీ ముందు కూర్చుని తిన్న కంచం గుర్తుండదు. ఏడు విడతలుగా, మధ్యలో మాటలతో తిన్నది గుర్తుంటుంది, ఆ రాత్రికి ఇంకేదో కావాలని అనిపించదు.

చివరిది ఘారీ. కోవా, నెయ్యి, పప్పులతో చేసే సూరత్ తీపి. శరత్పూర్ణిమ మర్నాడు చండీ పడ్వో రోజున ఈ ఊళ్ళో ఘారీ తినని ఇల్లుండదంటారు. ఆరు వంటకాలు తిన్నాక కూడా దీనికి కడుపులో చోటు దొరుకుతుంది, కారణం మనకిప్పుడు తెలుసు: ఇందాకటి నుంచి నాలుకకు అందని తీపి ఇది. ఇద్దరికీ చెరి ఒకటి, అరచేతిలో సగం కూడా రానంత చిన్నవి. అది అయిపోయాక వడ్డించే అబ్బాయి ఇంకోటి తెమ్మంటారా అని అడుగుతాడు. ఏమనాలి?

భోజనానికి ముగింపు బాగుంటేనే మొత్తం బాగున్నట్టు గుర్తుంటుందని ఇటీవలి పుస్తకాల్లో తరచుగా రాస్తున్నారు. డేనియల్ కానమన్ నొప్పి మీద చేసిన ప్రయోగాల నుంచి తీసుకున్న మాట అది. భోజనం విషయంలో అది అంతగా నిలబడలేదు. రోడ్, రోజిన్, డర్లక్ 2007లో ప్రచురించిన పరిశోధనలో మొదటి పదార్థానికీ చివరి పదార్థానికీ జ్ఞాపకంలో ప్రత్యేకమైన బలం పెద్దగా కనిపించలేదు. స్పష్టంగా కనిపించింది వేరొకటి. ఎంతో ఇష్టమైన పదార్థాన్ని ఎక్కువ పరిమాణంలో పెట్టినా, తర్వాత ఆ భోజనం ఎంత బాగుందని అడిగితే జవాబు మారలేదు. రెండో ఘారీ నోటికి కాసేపు బాగానే ఉంటుంది. జ్ఞాపకంలో మాత్రం దానికి విడిగా చోటు దొరకదు. దాన్ని పొట్లం కట్టించుకుని కిమ్ తీసుకెళ్తే, రేపు పొద్దున పిల్లలిద్దరికీ చెరి సగం, అదే వాళ్ళకు మొదటి ముక్క అవుతుంది.